నాస్కామ్‌ది ఎవరి వకాల్తా?

2025 సెప్టెంబరు 19, శుక్రవారం. కొత్త హెచ్-1బీ పిటిషన్‌కి లక్ష డాలర్లు కట్టాలంటూ అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం పెట్టాడు. ఆదివారం మొదలయ్యేసరికి అమలు అన్నారు. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకి ఇది వర్తించదన్న వివరణ శనివారం గాని రాలేదు. ఈలోగా కంపెనీలు "ఎక్కడున్నా వెంటనే తిరిగి వచ్చేయండి" అని తమ ఉద్యోగులకి ఈ-మెయిళ్ళు పంపాయి. దసరాకి ఇంటికి బయల్దేరినవాళ్ళు ప్రయాణాలు మానుకున్నారు. విమానంలో కూర్చున్నవాళ్ళు కూడా కొందరు దిగిపోయారు.

ఆ రెండు రోజులూ మన తరఫున మాట్లాడిందెవరు? పేపర్లన్నిటిలోనూ, టీవీల్లోనూ కనిపించిన పేరు ఒకటే: నాస్కామ్. ఒక్కరోజు గడువిస్తే వ్యాపారాలకీ, ఉద్యోగులకీ, విద్యార్థులకీ అయోమయం అని ప్రకటన ఇచ్చింది. బాగానే ఉంది. మన విదేశాంగ శాఖ కూడా స్పందించి కుటుంబాల ఇబ్బందిని ప్రస్తావించింది. అదీ బాగానే ఉంది. కాని అదే ప్రకటనలో, దీని పర్యవసానాలను పరిశ్రమవారు కూడా పరిశీలిస్తున్నారనీ, ఇప్పటికే ఒక ప్రాథమిక విశ్లేషణ విడుదల చేశారనీ చెప్పింది. అంటే లెక్క వేసి పెట్టింది పరిశ్రమ. మరో రెండు రోజులకి ఆ పరిశ్రమ లెక్క తేలింది: తమ రంగం మీద దీని ప్రభావం స్వల్పమేనట!

స్వల్పం ఎవరికి? అమెరికాలో స్థానికులను తీసుకోవడం మొదలుపెట్టి, హైదరాబాదు నుంచి పని చేయించుకోగల కంపెనీకి స్వల్పమే. పొలం తాకట్టు పెట్టి ఎమ్మెస్‌కి వచ్చి, ఓపీటీలో ఉండి, వచ్చే లాటరీ కోసం ఎదురుచూస్తున్న గుంటూరు పిల్లవాడికో, కరీంనగర్ పిల్లకో ఆ ప్రకటన మొదటిసారి చదివినప్పుడు స్వల్పంగా కనిపించిందా? రెండు లెక్కలూ వేరు. ఒక్క లెక్కనే "ఇండియా వాదన" అని చెలామణీ చేస్తున్నారు. నా గొడవల్లా దాని గురించే.

సంఘం ఎవరిది?

నాస్కామ్ 1988లో పుట్టింది. సాఫ్ట్‌వేర్, సర్వీసు కంపెనీల సంఘం. అందులో సభ్యత్వం కంపెనీలకే. మీరూ నేనూ ఇరవై ఏళ్ళు కోడు రాసినా అందులో సభ్యులం కాలేం, ఓటు వేయలేం, నాయకుణ్ణి ఎన్నుకోలేం. కంపెనీల సంఘం కంపెనీల కోసం పనిచేయడంలో తప్పేమీ లేదు, అది పుట్టిందే అందుకు. పేరులో "జాతీయ" అని ఉండటం వల్ల మాత్రం తేడా వస్తుంది.

ఆ మాటకి మన దేశంలో ఒక చరిత్ర ఉంది. 1927లో బిర్లా, పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ వంటివాళ్ళు ఫిక్కీ పెట్టినప్పుడు ఎదురుగా బ్రిటిష్ వర్తకుల ఛాంబర్లు ఉండేవి. ఆ రోజుల్లో దేశీయ వ్యాపారి తన లాభం గురించి మాట్లాడినా అందులో దేశం మాట కొంత కలిసి ఉండేది. ఆ గౌరవం మీదనే తర్వాతి సంఘాలన్నీ బతుకుతున్నాయి. ఇవాళ పరిస్థితి ఏమిటి? నాస్కామ్ సభ్యుల్లో అమెరికన్, యూరోపియన్ కంపెనీల ఇండియా శాఖలు బోలెడున్నాయి. 2024లో దానికి చైర్‌పర్సన్ అయిన సింధు గంగాధరన్ జర్మన్ కంపెనీ శాప్‌కి చెందిన ఇండియా ల్యాబ్స్ అధిపతి. నాకు ఆమె మీద ఫిర్యాదు లేదు. కాని దాన్ని "ఇండియా" అని ఎందుకు పిలవాలి?

వాషింగ్టన్‌లో ఏం అడిగారు?

అమెరికాలో లాబీయింగు చట్టబద్ధమైన పని. 1995 నాటి లాబీయింగ్ డిస్‌క్లోజర్ చట్టం ప్రకారం లాబీయిస్టులు రిజిస్టరు చేసుకోవాలి. 2007 సవరణ తర్వాత మూడు నెలలకోసారి రిపోర్టు ఇవ్వాలి: ఎవరి తరఫున, ఏ విషయం మీద, ఎంత డబ్బుకి అని. నాస్కామ్ తరఫున పనిచేసిన సంస్థల రిపోర్టులు కూడా సెనేటు వెబ్‌సైటులో ఉన్నాయి. ఎవరైనా చూడొచ్చు.

ఇండియాలో ఇలాంటి చట్టమే లేదు. 2012లో వాల్‌మార్ట్ గొడవ గుర్తుందా? ఇండియా మార్కెట్లో ప్రవేశంతో సహా రకరకాల విషయాల మీద ఆ కంపెనీ లాబీయింగుకి ఎంత ఖర్చు పెట్టిందో అమెరికాలో దాఖలు చేసిన కాగితాల వల్లే మన పార్లమెంటుకి తెలిసింది. సభ దద్దరిల్లింది. రిటైర్డు న్యాయమూర్తి ముకుల్ ముద్గల్‌తో విచారణ వేశారు. చట్టం మాత్రం రాలేదు. ఫలితం ఏమిటంటే, మన కంపెనీల సంఘం వాషింగ్టన్‌లో దేని గురించి తలుపు తట్టిందో ఇక్కడి కాగితాల్లో కనిపిస్తుంది. అదే సంఘం ఢిల్లీలో, హైదరాబాదులో, అమరావతిలో ఏం అడిగిందో తెలుసుకునే దారి మనకి లేదు.

వాషింగ్టన్ సంగతే చూద్దాం. 2010లో, ఉద్యోగుల్లో సగం కంటే ఎక్కువమంది హెచ్-1బీ, ఎల్-1 వాళ్ళుండే కంపెనీల మీద హెచ్-1బీకి 2,000 డాలర్లు, ఎల్-1కి 2,250 డాలర్లు అదనపు ఫీజు వేశారు. 2015 డిసెంబరులో దాన్ని 4,000, 4,500 చేశారు. నాస్కామ్ వివక్ష అని గట్టిగా పోరాడింది. భారత ప్రభుత్వం 2016 మార్చిలో ఏకంగా ప్రపంచ వాణిజ్య సంస్థకి ఫిర్యాదు చేసింది.

సోషల్ సెక్యూరిటీ సంగతీ అంతే. పదేళ్ళు నిండకుండా ఇండియా తిరిగి వెళ్ళినవాళ్ళకి ఇక్కడ కట్టిన పన్ను సాధారణంగా దక్కదు. దీనికి రెండు దేశాల మధ్య ఒప్పందం కావాలని నాస్కామ్ చాలాకాలంగా అడుగుతోంది. న్యాయమైన కోరిక. అయితే ఆ పన్నులో మనది 6.2 శాతం, కంపెనీది కూడా 6.2 శాతం అని మర్చిపోకూడదు.

ఇప్పుడు రెండో జాబితా రాసుకుందాం. గ్రీన్‌కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే అన్న పరిమితి. ఏడాదికి 1,40,000 ఎంప్లాయ్‌మెంట్ గ్రీన్‌కార్డుల్లోనే భార్యనీ పిల్లల్నీ లెక్కపెట్టడం. పిల్లలకి 21 నిండగానే తల్లిదండ్రుల క్యూలోంచి జారిపోవడం. ఎంప్లాయర్ని మారితే మళ్ళీ లేబర్ సర్టిఫికేషన్ మొదలు. లేఆఫ్ అయితే 60 రోజుల్లో మూటాముల్లె సర్దుకోవడం. మన ఇళ్ళల్లో రాత్రి భోజనాల దగ్గర జరిగే మాటలన్నీ ఈ జాబితా గురించే. కంపెనీల సంఘాల ప్రకటనల్లో ముందు వరుసలో ఉండేది మాత్రం మొదటి జాబితా. రెండో దాని గురించి వాళ్ళు ఎన్నడూ ఒక్క మాట అనలేదని నేననను. దేనికోసం మంత్రుల్ని కదిలించారో, దేనికోసం కదిలించలేదో చూడమంటున్నాను.

దీనికి కుట్ర సిద్ధాంతాలు అక్కర్లేదు, చిన్న లెక్క చాలు. ఫీజు కంపెనీ జేబులోంచి పోతుంది. గ్రీన్‌కార్డు క్యూ ఉద్యోగి జీవితంలోంచి పోతుంది. పైగా క్యూలో ఉన్న ఉద్యోగి తేలిగ్గా ఉద్యోగం మారడు, జీతం గట్టిగా అడగడు, శని ఆదివారాలు రమ్మంటే వస్తాడు. తనకి నష్టం లేనిదాన్ని తీసేయమని ఏ కంపెనీ అయినా ఎందుకు తొందరపడుతుంది?

అమెరికన్ కంపెనీల సంఘం అయినా ఇంతే. 2020 అక్టోబరులో లేబర్ డిపార్టుమెంటు హెచ్-1బీ కనీస జీతాల స్థాయిని బాగా పెంచింది. యుఎస్ ఛాంబర్ ఆఫ్ కామర్స్, కొన్ని యూనివర్సిటీలూ కోర్టుకి వెళ్ళి డిసెంబరు 1న దాన్ని కొట్టేయించాయి. ఆ రూలు పెట్టినవాళ్ళ ఉద్దేశం మనల్ని ఉద్ధరించడం కాదు, రాకుండా ఆపడం. ప్రజల అభిప్రాయం అడగకుండా హడావిడిగా తెచ్చారన్న కారణం మీద కోర్టు కొట్టేసింది, అదీ సబబే. కాని ఆ కేసులో జీతం తీసుకునే మనిషి తరఫున నిలబడినవాళ్ళెవరు? ఒకవైపు మనల్ని వద్దనే ప్రభుత్వం, మరోవైపు మన జీతం కట్టే యజమానులు. మధ్యలో మన కుర్చీ ఖాళీ.

2013 బిల్లు చూపించిన నిజం

పై మాటలు అన్యాయంగా అనిపిస్తే ఒక్క ఉదాహరణ చూడండి. 2013 జూన్ 27న అమెరికన్ సెనేటు 68-32 ఓట్లతో ఎస్.744 అనే ఇమ్మిగ్రేషన్ బిల్లు పాస్ చేసింది. అందులో మనకి పనికొచ్చేవి చాలా ఉన్నాయి. ఎంప్లాయ్‌మెంట్ గ్రీన్‌కార్డుల్లో దేశాలవారీ పరిమితి ఎత్తివేత. భార్యాపిల్లల్ని లెక్కలోంచి తీసేయడం. ఉద్యోగం పోయినవాళ్ళకి 60 రోజుల గడువు. ఈ మూడూ చట్టమై ఉంటే ఇవాళ క్యూలో ఉన్న ఎంతోమంది తెలుగువాళ్ళ బతుకులు వేరేగా ఉండేవి.

అదే బిల్లులో కంపెనీలకి నచ్చని షరతులూ ఉన్నాయి. ఉద్యోగుల్లో హెచ్-1బీ వాళ్ళు 15 శాతం దాటిన కంపెనీలు వాళ్ళని క్లయింటు ఆఫీసుల్లో పెట్టకూడదన్నది ముఖ్యమైనది. మన సర్వీసు కంపెనీల వ్యాపారమే అది కాబట్టి వాళ్ళకి గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. నాస్కామ్ దీన్ని ఇండియన్ కంపెనీల పట్ల వివక్ష అంది. ఆ జులైలో మన ఆర్థికమంత్రి చిదంబరం, వాణిజ్యమంత్రి ఆనంద్ శర్మ వాషింగ్టన్ వచ్చి ఈ బిల్లు మీద ఇండియా ఆందోళన వినిపించారు. ఆందోళన ఏ క్లాజు మీద? కంపెనీలకి తగిలే క్లాజు మీద.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. గ్రీన్‌కార్డుకి అప్లై చేసి కొంత ముందుకి వెళ్ళిన ఉద్యోగుల్ని ఆ శాతం లెక్కలోంచి మినహాయించే వెసులుబాటు కూడా ఆ బిల్లులోనే ఉంది. అమెరికన్ కంపెనీలు దాన్ని పట్టుబట్టి పెట్టించుకున్నాయి. అంటే తమ ఇంజనీర్లకి వరసగా గ్రీన్‌కార్డులు ఫైల్ చేసిన కంపెనీకి ఆ షరతు భారం తగ్గేది. మన కంపెనీలకీ ఆ తలుపు తెరిచే ఉంది. ఆ తలుపు గుండా వెళ్ళడానికి తొందర కనిపించలేదు, తలుపు పక్కన గోడ కూల్చమన్న కేకలే వినిపించాయి.

బిల్లు చచ్చిపోయింది నాస్కామ్ వల్ల కాదు. సరైన కాగితాలు లేనివాళ్ళకి పౌరసత్వం ఇచ్చే దారి ఇష్టంలేని రిపబ్లికన్లు దాన్ని ప్రతినిధుల సభలో చర్చకే రానివ్వలేదు. కాని చరిత్రలో ఒక్కసారి మన రెండు జాబితాలూ ఒకే కాగితం మీదికి వచ్చినప్పుడు, "ఇండియా" అనే పేరుతో ఏ జాబితాని పట్టుకున్నారో మనందరం చూశాం. అత్త సొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. దేశం పరపతి మనందరిదీ, ఖర్చు పెట్టింది కంపెనీల పద్దులో.

ఇంటి దగ్గర కూడా

ఇది వాషింగ్టన్‌తో ఆగదు. దుకాణాలు, సంస్థల చట్టంలోని పనిగంటలు వగైరా సెక్షన్ల నుంచి ఐటీ కంపెనీలకి మినహాయింపులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల నుంచీ ఉన్నాయి. కర్ణాటక ప్రభుత్వం 2024లో స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం నుంచి ఐటీ రంగానికి మినహాయింపుని ఇంకో అయిదేళ్ళు పొడిగించింది. ఉద్యోగుల సంఘాలు వద్దని మొత్తుకున్నా వినలేదు. 2006లో నాస్కామ్ నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ పెట్టింది. ఉద్యోగుల చదువులూ, అనుభవాలూ, వేలిముద్రలూ అందులో ఉంటాయి. ఉద్యోగి గురించి కంపెనీ తెలుసుకోవడానికి రిజిస్ట్రీ ఉంది. మరి కంపెనీ గురించి ఉద్యోగి తెలుసుకోవడానికి?

సత్యం సంగతి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న రామలింగరాజు ఖాతాలు ఏళ్ళ తరబడి తప్పుగా చూపించానని ఉత్తరం రాశాడు. ఆయనే 2006-07లో నాస్కామ్ చైర్మన్. తర్వాత ప్రభుత్వం వేసిన కొత్త బోర్డులో నాస్కామ్ మాజీ అధ్యక్షుడు కిరణ్ కార్ణిక్ ఉన్నారు, ఆ బోర్డు కంపెనీని నిలబెట్టింది, వేలమంది ఉద్యోగాలు మిగిలాయి. ఆ మంచిని ఒప్పుకోవాలి. కాని కంపెనీల సంఘం కంపెనీల మీద కాపలా కాస్తుందని నమ్మినవాళ్ళకి సత్యం చెప్పిన పాఠం కూడా గుర్తుండాలి.

పూలు పంపిన రోజు

"మనం ఏం చేయగలం, మనకి ఓటా పాడా" అని చాలామంది అంటారు. వాళ్ళకి 2007 జులై గుర్తు చేస్తాను. ఆ నెల వీసా బులెటిన్‌లో దాదాపు అన్ని ఎంప్లాయ్‌మెంట్ కేటగిరీలూ కరెంట్ అన్నారు. జనం మెడికల్ పరీక్షలు చేయించుకున్నారు, లాయర్లకి డబ్బు కట్టారు, ప్రయాణాలు రద్దు చేసుకున్నారు. జులై 2న "నంబర్లు అయిపోయాయి, ఎవరూ అప్లై చేయొద్దు" అన్నారు. అప్పుడు కదిలింది కంపెనీల సంఘం కాదు. క్యూలో ఉన్నవాళ్ళే కదిలారు. ఇమ్మిగ్రేషన్ వాయిస్ చుట్టూ చేరిన మామూలు ఉద్యోగులు "లగే రహో మున్నాభాయ్" సినిమా చూసి గాంధీగిరీ అన్నారు. జులై 10న యుఎస్‌సీఐఎస్ డైరెక్టర్ ఎమీలియో గొంజాలెజ్ ఆఫీసుకి పూలగుత్తులు వెల్లువెత్తాయి. ఆయన వాటిని సైనిక ఆస్పత్రులకి పంపించాడు. 14న శాన్ హోసేలో ఊరేగింపు. మరోపక్క లాయర్ల సంఘం కోర్టు నోటీసు తయారు చేసింది, కాంగ్రెసు సభ్యురాలు జో లాఫ్‌గ్రెన్ నిలదీసింది. జులై 17న ప్రభుత్వం వెనక్కి తగ్గి ఆగస్టు 17 దాకా అప్లికేషన్లు తీసుకుంది. మన తెలుగు "శంకర్ దాదా జిందాబాద్" ఆ నెలాఖరుకి థియేటర్లలోకి వచ్చేసరికి ఇక్కడ అసలు గాంధీగిరీ గెలిచేసింది!

ఆ తర్వాత కూడా అంతే. దేశాలవారీ పరిమితి ఎత్తేసే బిల్లు 2011 నవంబరులో ప్రతినిధుల సభలో 389-15 ఓట్లతో, 2019 జులైలో 365-65 ఓట్లతో గెలిచింది. సెనేటు కూడా 2020 డిసెంబరులో తన రూపంలో పాస్ చేసింది. రెండు సభల మాట కలవక ఆగిపోయింది. సెలవు పెట్టి, సొంత ఖర్చుతో వాషింగ్టన్ వెళ్ళి ఆఫీసు ఆఫీసూ తిరిగిన ఉద్యోగుల కష్టం అది. అప్పుడు ఆ మంత్రులిద్దరూ 2013లో కంపెనీల కోసం వచ్చినట్టు మన కోసం ఒక్కసారి వచ్చి ఉంటే?

"వాళ్ళు లేకపోతే మనం లేము కదా"

ఈ మాట తప్పకుండా వస్తుంది. కంపెనీలు లాబీయింగు చేయబట్టే 1998లోనూ 2000లోనూ వీసాల కోటా పెరిగి 1,95,000 దాకా వెళ్ళింది, మనం రాగలిగాం అంటారు. కొంత నిజం. రావడం మనకీ లాభమే, కంపెనీకీ లాభమే, అందుకే అది జరిగింది. వచ్చాక నిలదొక్కుకోవడం మన ఒక్కరి లాభం. దానికి మనమే అడగాలి.

ఇంకో మాట: "ఇంటి గొడవ వీధిలో పెడితే మనల్ని వెళ్ళగొట్టాలనే వాళ్ళకి ఆయుధం ఇచ్చినట్టే." నా ఉద్దేశంలో ఇది తలకిందుల వాదన. చవక జీతానికి వచ్చి ఉద్యోగాలు లాక్కున్నారని మనల్ని తిట్టేవాళ్ళకి అసలు ఆయుధం మన మౌనమే. ఉద్యోగం మారే స్వేచ్ఛ, సరైన జీతం, త్వరగా గ్రీన్‌కార్డు కావాలని మనమే అడిగిన రోజు అమెరికన్ ఇంజనీరుకీ మనకీ మధ్య పోటీ సమానమవుతుంది. కంపెనీ గొడుగు కింద నిలబడినంతకాలం వాన మన మీద పడకపోవచ్చు, తిట్లు మాత్రం మన మీదే పడతాయి.

ఇక చేయవలసింది

అడగందే అమ్మయినా పెట్టదు. కాబట్టి అడుగుదాం.

ఒకటి. దేశాలవారీ పరిమితి, ఉద్యోగం మారే స్వేచ్ఛ, హెచ్-4 భార్యాభర్తల పని హక్కు, 21 నిండే పిల్లల సమస్య, ఈ నాలుగింటి మీద తమ వైఖరి ఏమిటో, వాటి కోసం ఏమేం చేశారో నాస్కామ్ బహిరంగంగా చెప్పాలి. చెప్పకపోతే హెచ్-1బీ కుటుంబాల పేరు వాడుకోవడం మానుకోవాలి.

రెండు. భారత ప్రభుత్వం వీసాల మీద అమెరికాతో మాట్లాడేముందు పరిశ్రమని పిలిచినట్టే ఇక్కడి ఉద్యోగుల్నీ, హైదరాబాదు, బెంగుళూరుల్లోని ఐటీ ఉద్యోగుల సంఘాల్నీ పిలవాలి. కంపెనీల విశ్లేషణని దేశం విశ్లేషణగా చూపించడం ఆపాలి.

మూడు. ఇండియాలో లాబీయింగు వెల్లడి చట్టం రావాలి. ఏ సంఘం ఏ మంత్రిని ఎప్పుడు కలిసి ఏం అడిగిందో జనానికి తెలియాలి. తెలుగు ఎంపీలు ఈ పని మొదలుపెడితే ఇంకా మంచిది.

నాలుగు. మన తెలుగు సంఘాల మహాసభల్లో కంపెనీ అధిపతులకి శాలువాలు కప్పే గంటలో సగం గంట గ్రీన్‌కార్డు క్యూ మీద చర్చకి ఇవ్వండి. స్పాన్సర్లు నొచ్చుకుంటారన్న భయం ఉంటే, సంఘం ఎవరిదన్న ప్రశ్న అక్కడ కూడా వేసుకోవలసిందే.

అయిదు. ఇది మీకూ నాకూ. వీసా మీద ఉన్నవాళ్ళు ఎన్నికల విరాళం ఇవ్వకూడదు, నిజమే. కాని కాంగ్రెసు సభ్యుడికి ఫోన్ చేయడానికీ, ఉత్తరం రాయడానికీ, ఆఫీసుకి వెళ్ళి కలవడానికీ పౌరసత్వం అక్కర్లేదు. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళయితే విరాళం కూడా ఇవ్వొచ్చు. క్యూ దాటగానే క్యూని మర్చిపోవద్దు.

కంపెనీలకి మూడు నెలలకోసారి రిపోర్టు రాసిచ్చే లాబీయిస్టులున్నారు. మనకి మనమే ఉన్నాం. వచ్చే సోమవారం లంచ్ టైములో పది నిమిషాలు తీసుకుని మీ కాంగ్రెసు సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చేయండి. పేరు, ఊరు, ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నారో చెప్పండి. కంపెనీ పేరు చెప్పనక్కర్లేదు.